ఆత్మహత్యల గణాంకాల్లో ధోరణి చూడటం ఎలా? గీత గీసే ముందు కొన్ని మాటలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఇరవై ఏళ్ల ఆత్మహత్య మరణాల సంఖ్యలు వయసు, లింగం, వృత్తి వారీగా మీ దగ్గర ఉన్నాయి. గ్రాఫు వేస్తే గీత పైకి పోతోంది. ‘యువతలో ఆత్మహత్యలు 40 శాతం పెరిగాయి’ అని ప్రాజెక్టు నివేదికలో రాయవచ్చా, ఏ మోడల్ వాడాలి, 2020వ సంవత్సరాన్ని తీసి పక్కన పెట్టాలా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఆ వాక్యం ఇప్పుడే రాయకండి. ముందు సంఖ్యలను రేట్లుగా, అంటే లక్ష జనాభాకు ఎన్ని మరణాలో అలా, మార్చండి. స్త్రీలను, పురుషులను, ఒక్కో వయోవర్గాన్ని విడివిడిగా చూడండి. ఈ ఇరవై ఏళ్లలో లెక్కించే పద్ధతి ఎప్పుడెప్పుడు మారిందో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. మోడల్ సంగతి ఆ తరువాత. 2020ని తీసేయవద్దు. ఎందుకు పెరిగింది అన్న ప్రశ్నకు ఈ పట్టిక ఒక్కదానితో జవాబు చెప్పే సాహసం చేయవద్దు.

మరణ గణాంకాలతో నా సహవాసం పద్దెనిమిదేళ్లది. ఈ కాలంలో నా బల్ల మీదికి వచ్చిన ‘ఆశ్చర్యకరమైన ధోరణులు’ చాలానే ఉన్నాయి. వాటిలో సగానికి పైగా దస్త్రాలు రాసే తీరు మారడం వల్ల పుట్టుకొచ్చినవే. మిగిలిన సగం నిజమైనవి. ఆ సగం కోసమే ఇంత జాగ్రత్త పడాలి.

మొదట హారం సరిచూసుకోండి

ఏటా నమోదైన మరణాలు భిన్నంలో లవం మాత్రమే. హారం జనాభా. అది కూడా మొత్తం జనాభా అయితే చాలదు, ఆ వయసులో, ఆ లింగంలో ఉన్న జనాభా కావాలి. మీరు చెప్పిన 40 శాతం పెరుగుదల ఉన్న వర్గంలో జనాభాయే 30 శాతం పెరిగి ఉంటే కథ దాదాపు అయిపోయినట్టే.

మొత్తం జనాభాకు లెక్కించే ముడి రేటు కూడా మోసం చేస్తుంది. కాగితం మీద ఒక ఊహా దేశాన్ని తీసుకుందాం. అక్కడ చిన్న వయసువారిలో రేటు లక్షకు 10, పెద్ద వయసువారిలో 30. మొదటి ఏడాది జనాభాలో 80 శాతం చిన్నవారు, 20 శాతం పెద్దవారు. ముడి రేటు 8 ప్లస్ 6, అంటే 14. కొన్నేళ్లకు ఆ దేశం ముసలిదైంది, చిన్నవారు 60 శాతం, పెద్దవారు 40 శాతం అయ్యారు. రెండు వర్గాల రేట్లూ అక్షరం మారలేదు. ఇప్పుడు ముడి రేటు 6 ప్లస్ 12, అంటే 18. ఏ ఒక్క వయసులోనూ ప్రమాదం వీసమెత్తు పెరగకుండానే దేశం మొత్తం మీద ‘29 శాతం పెరుగుదల’ వచ్చి కూర్చుంది. ఈ లెక్కను కొత్తగా చేరిన ప్రతి ఒక్కరి చేత చేతిరాతతో చేయిస్తాను. కంప్యూటర్‌లో చేస్తే మరిచిపోతారు.

అందుకే వయసు సర్దుబాటు చేసిన రేటు వాడతాం. ఒక ప్రామాణిక జనాభాను ఎంచుకుని, ఏ ఏడాది రేట్లనైనా ఆ జనాభా మీదే పరిచి చూస్తాం. ఈ సర్దుబాటు ఎంత తేడా తెస్తుందో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల్లో కనిపిస్తుంది. 2000 నుంచి 2019 వరకు వయసు సర్దుబాటు చేసిన ప్రపంచ రేటు 36 శాతం తగ్గింది. అదే కాలంలో అమెరికా ఖండాల ప్రాంతంలో 17 శాతం పెరిగింది. ఇంత తగ్గినా 2019లో చనిపోయినవారి సంఖ్య 7 లక్షలకు పైనే ఉంది, ఎందుకంటే ఆలోగా ప్రపంచ జనాభా పెరిగింది. ఇవన్నీ ఒకేసారి నిజం. ‘పెరుగుతోంది’ అన్నవారూ ‘తగ్గుతోంది’ అన్నవారూ ఒకే పట్టిక చూపించి వాదించుకోవడం నేను స్వయంగా చూశాను.

ఇక్కడ ఒక చిన్న గుంత ఉంది. ప్రామాణిక జనాభా ఒక్కటి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థది ఒకటి, అమెరికా వాడే 2000 సంవత్సరపు జనాభా ఒకటి, ఐరోపాలో 1976 నాటిది ఒకటి, దాన్ని సవరించిన 2013 నాటిది మరొకటి. 2013 ప్రమాణంలో వృద్ధుల వాటా ఎక్కువ. అందుకని అదే దేశానికి, అదే ఏడాదికి రెండు ప్రమాణాలతో లెక్కిస్తే రెండు రేట్లు వస్తాయి. పాత నివేదిక నుంచి సగం ఏళ్లు, కొత్త నివేదిక నుంచి సగం ఏళ్లు తీసి అతికిస్తే ఆ అతుకు దగ్గరే మీకు ‘మలుపు’ దొరుకుతుంది. ఇంగ్లండ్ గణాంకాల్లో పదేళ్లు, ఆపై వయసువారి జనాభానే హారంగా తీసుకుంటారు. ఇలాంటివి అడుగు గమనికల్లో ఉంటాయి. గమనికలు చదవని విశ్లేషకుడు అతుకును చూసి ధోరణి అనుకుంటాడు.

హారం విషయంలో చివరి మాట. జనగణనల మధ్య ఏళ్లకు జనాభా అంచనాయే. కొత్త జనగణన వచ్చాక ఆ అంచనాలను వెనక్కి వెళ్లి సవరిస్తారు. మీ హారం సవరణకు ముందుదా తరువాతదా చూసుకోండి. జనగణన జరిగి చాలా కాలమైన చోట ఈ తప్పు ఏటా కొంచెం కొంచెంగా పేరుకుంటుంది, వయోవర్గాల వారీగా చూసినప్పుడు మరీ ఎక్కువగా.

లెక్క పుస్తకం ఎప్పుడు మారింది?

నా జవాబులో అన్నిటికంటే ముఖ్యమైనది ఈ భాగమే. ఆత్మహత్య అన్నది డాక్టర్ ఒక్కరే చూసి రాసే జబ్బు పేరు కాదు. ఒక మరణం వెనుక ఉద్దేశం ఏమిటో ఎవరో ఒకరు, పోలీసు గానీ, న్యాయాధికారి గానీ, వైద్యుడు గానీ, నిర్ణయించాలి. ఆ నిర్ణయించే పద్ధతి మారితే సంఖ్య మారుతుంది.

ఇంగ్లండ్, వేల్స్ సంగతి చూడండి. అక్కడ మరణ విచారణాధికారి ఆత్మహత్య అని తేల్చడానికి క్రిమినల్ కేసులో కావలసినంత రుజువు, అంటే సహేతుకమైన సందేహానికి తావు లేనంత రుజువు ఉండాలన్నది పాత పద్ధతి. 2018 జులైలో హైకోర్టు దాన్ని మార్చింది. సివిల్ కేసుల్లోలాగా ‘కాకపోవడం కంటే అయి ఉండే అవకాశమే ఎక్కువ’ అనిపిస్తే చాలు అంది. 2020లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఇప్పుడు 2018 తరువాత రేటు పెరిగితే ఏమనాలి? మనుషులు ఎక్కువ కష్టాల్లో ఉన్నారా, లేక గడప ఎత్తు తగ్గిందా? రెండూ కొంత కొంత కావచ్చు. మొదటి పని ఆ నెల దగ్గర గ్రాఫులో నిలువు గీత గీసి తేదీ రాయడం. ఆ గీత లేని గ్రాఫును నేను పరిశీలనకు కూడా తీసుకోను.

ఇలాంటి అనుమానం ఉన్న చోట ‘ఉద్దేశం తేలని మరణాలు’ అన్న వర్గాన్ని పక్కనే పెట్టుకుని చూడటం మంచి అలవాటు. అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణ పదో సంచికలో ఉద్దేశపూర్వక స్వీయహానికి ఎక్స్60 నుంచి ఎక్స్84 వరకు, ఉద్దేశం తేలనివాటికి వై10 నుంచి వై34 వరకు సంకేతాలు ఉన్నాయి. ఒకటి పెరుగుతూ రెండోది అంతే మేర తగ్గుతుంటే అది ఒక అరలోంచి ఇంకో అరలోకి సర్దడమే అయి ఉండవచ్చు. రెండూ కలిపి ఒక గీత, విడిగా రెండు గీతలు వేయండి. మూడూ ఒకే దిక్కుకు పోతే మీ ధోరణికి బలం వచ్చినట్టే. వర్గీకరణ తొమ్మిదో సంచిక నుంచి పదో సంచికకు దేశాలు వేర్వేరు ఏళ్లలో మారాయి, అమెరికా 1999లో, ఇంగ్లండ్ 2001లో. ఆ మార్పు దగ్గర కొన్ని మరణాలను రెండు పద్ధతుల్లోనూ సంకేతించి పోల్చి చూస్తారు. అమెరికాలో ఆత్మహత్యల విషయంలో రెండు పద్ధతుల్లో వచ్చిన సంఖ్యల నిష్పత్తి దాదాపు ఒకటికి దగ్గరగా వచ్చింది, కాబట్టి పెద్ద బెడద లేదు. ఇతర మరణ కారణాలన్నిటికీ ఆ అదృష్టం పట్టలేదు.

జపాన్‌లో రెండు లెక్కలున్నాయి. పోలీసు శాఖ లెక్కలో విదేశీయులు కూడా ఉంటారు, మృతదేహం దొరికిన చోటును బట్టి నమోదవుతుంది. ఆరోగ్య శాఖ లెక్కలో జపాన్ పౌరులే, నివాస స్థలాన్ని బట్టి. రెండూ ఏటా కొంత తేడాగా వస్తాయి, రెండూ సరైనవే. ఒక ఏడాదికి ఒకటి, మరో ఏడాదికి ఇంకొకటి వాడితేనే తప్పు.

మీ దగ్గర వృత్తి వారీ సంఖ్యలు ఉన్నాయన్నారు కాబట్టి భారతదేశపు ఉదాహరణ చెప్పక తప్పదు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2013 వరకు ‘వ్యవసాయంలో స్వయం ఉపాధి’ అన్న ఒకే పద్దు కింద చూపింది. ఆ ఏడాది ఆ పద్దులో 11,772 మరణాలు. 2014లో దాన్ని రైతులు, వ్యవసాయ కూలీలు అని విడదీశారు. రైతులు 5,650. ఒక్క ఏడాదిలో సగానికి సగం తగ్గిపోయినట్టు కనిపించింది, అలాగే చదివినవారూ ఉన్నారు. కూలీల పద్దులో 6,710 ఉన్నాయి. రెండూ కలిపితే 12,360, అంటే అంతకు ముందు ఏడాది కంటే ఎక్కువే. అదే సంస్థ లెక్కల్లో దినసరి కూలీల వాటా 2014లో 12 శాతం, 2021లో 25.6 శాతం. ఇందులో ఎంత నిజమైన కష్టం, ఎంత పద్దు మార్పు అన్నది వాటా చూసి చెప్పలేం. వాటా అంటే రేటు కాదు కదా. దినసరి కూలీలు దేశంలో ఎందరున్నారో ఏటా తెలిస్తే తప్ప హారం లేదు, హారం లేకపోతే రేటు లేదు. వృత్తి వారీ ధోరణుల జోలికి వెళ్లవద్దనే నా సలహా, కనీసం మొదటి నివేదికలో.

నమోదుకు బయట మిగిలిపోయేవి వేరే సంగతి. భారతదేశంలో 2016లో పోలీసు లెక్క 1,31,008 మరణాలు చూపితే, అంతర్జాతీయ వ్యాధిభార అధ్యయనం అంచనా 2,30,314. అంత తేడా ఉన్నా ఆ తేడా ఏటా ఒకే నిష్పత్తిలో ఉంటే ధోరణి చెడదు. నిష్పత్తి మారుతూ ఉంటేనే చిక్కు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే చట్టం ఉన్న చోట కుటుంబాలు నిజం దాచడం సహజం. ఆ చట్టం సడలినప్పుడు దాచడం తగ్గి, నమోదు పెరిగే అవకాశం ఉంది. స్త్రీల మరణాలు, పిల్లల మరణాలు ఎక్కువగా దాచే సమాజాల్లో నమోదు మెరుగైన కొద్దీ వారి రేట్లే ముందు పెరుగుతాయి. దాన్ని ‘కొత్త ఉపద్రవం’ అని రాస్తే, ఇన్నాళ్లూ ఉన్న ఉపద్రవాన్ని కొట్టిపారేసినట్టవుతుంది.

చివరి ఏడాది మాయ

ఇది నా సొంత అవమానం. ఉద్యోగంలో చేరిన రెండో ఏట పదిహేను నుంచి ఇరవై నాలుగేళ్ల వారి రేటు చివరి సంవత్సరంలో చక్కగా దిగివచ్చింది. సంతోషంగా ఒక పేరా రాశాను, ‘ఆశాజనకం’ అన్న మాట కూడా వాడాను. మా పై అధికారి చదివి ఒకే ప్రశ్న అడిగారు: ‘ఈ డేటా ఏ నెలలో తీశావు?’ యువత మరణాల మీద విచారణ ఎక్కువ కాలం సాగుతుంది. నేను తీసేనాటికి చాలా కేసులు ఇంకా తేలలేదు. ఎనిమిది నెలల తరువాత అదే పట్టిక మళ్లీ తీస్తే ఆ దిగుడు మాయమైంది. నా పేరా అప్పటికే ఒకరిద్దరికి చేరిపోయింది.

కొన్ని చోట్ల మరణం జరిగిన తేదీ ప్రకారం, కొన్ని చోట్ల నమోదైన తేదీ ప్రకారం లెక్కిస్తారు. ఇంగ్లండ్‌లో ప్రచురించే సంఖ్యలు నమోదు తేదీవి. విచారణ ముగిసేదాకా నమోదు కాదు, ఆ ముగింపుకు నెలలు పడుతుంది. అలాంటి చోట ఒక ఏడాది పెరుగుదల అంటే కొన్నిసార్లు పేరుకుపోయిన కేసులను అధికారులు చకచకా ముగించడం అని అర్థం. మీ డేటాలో చివరి ఏడాది ‘తాత్కాలికం’ అని ఉంటే దాన్ని చుక్కల గీతతో చూపించి, ధోరణి లెక్కలోంచి మినహాయించండి.

చిన్న సంఖ్యలు, పెద్ద శాతాలు

మరణాల సంఖ్య తక్కువగా ఉన్నప్పుడు అది తనంతట తానే ఊగుతుంది. స్థూలంగా, ఒక సంఖ్య దాని వర్గమూలమంత ఊగడం మామూలే. 100 మరణాలు నమోదైతే 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు స్థాయి ఉండే అవకాశమున్న హద్దులు, సుమారు 81 నుంచి 122. 9 మరణాలైతే 4 నుంచి 17. అంటే ఒక చిన్న వర్గంలో ఈ ఏడాది 5, వచ్చే ఏడాది 9 వస్తే అది ‘80 శాతం పెరుగుదల’ అవుతుంది, వార్త కూడా అవుతుంది, కానీ దాని నుంచి చెప్పగలిగింది ఏమీ లేదు. అమెరికా ప్రభుత్వ మరణ డేటాబేసులో పది కంటే తక్కువ ఉన్న గడిని చూపించరు, ఇరవై కంటే తక్కువ మరణాలతో వచ్చిన రేటుకు ‘నమ్మదగినది కాదు’ అని ముద్ర వేస్తారు. మొదటిది మృతుల గోప్యత కోసం, రెండోది మన బుద్ధి కోసం. మీరూ అదే పాటించండి. మూడేళ్లో అయిదేళ్లో కలిపి సగటు తీసుకుంటే ఊగిసలాట తగ్గుతుంది.

శాతం ఎప్పుడూ ఒంటరిగా రాయకూడదు. అమెరికాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికల రేటు 1999లో లక్షకు 0.5, 2014లో 1.5. పెరుగుదల 200 శాతం, అన్ని వర్గాల్లోకీ అదే ఎక్కువ. 2014లో ఆ వయసు బాలికల మరణాలు 150. అదే కాలంలో 75 ఏళ్లు దాటిన పురుషుల రేటు 42.4 నుంచి 38.8కి తగ్గింది. తగ్గిన తరువాత కూడా అది ఆ బాలికల రేటుకు పాతిక రెట్లు. శాతం మాత్రమే చదివినవారికి వృద్ధులు కనిపించరు. రేటు మాత్రమే చదివినవారికి బాలికల్లో మొదలైన మార్పు కనిపించదు. రెండు నిలువు వరుసలూ పక్కపక్కనే వేయండి, మూడో వరుసలో అసలు సంఖ్య వేయండి. 150 చిన్న సంఖ్య అని నేను అనడం లేదు. ఆ సంఖ్యలో ప్రతి ఒక్కటీ ఒక ఇల్లు. లెక్కల భాషలో ‘చిన్నది’ అన్న మాట నివేదికలోకి అలాగే జారకుండా చూసుకోండి.

‘యువత మరణాలకు ఫలానా స్థానంలో ఉన్న కారణం’ అనే వాక్యంతోనూ ఇదే తంటా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 అంచనాలో 15–29 ఏళ్ల వారిలో ఆత్మహత్య నాలుగో కారణం, 2021 అంచనాలో మూడో కారణం. ర్యాంకు పెరిగింది కాబట్టి రేటు పెరిగిందని కాదు. పైనున్న వేరే కారణం తగ్గినా ర్యాంకు మారుతుంది.

స్త్రీ పురుషుల పోలిక గురించి ఒక్క మాట. ప్రపంచవ్యాప్తంగా 2019లో పురుషుల రేటు 12.6, స్త్రీలది 5.4. ఇది ప్రకృతి నియమం అనుకోకండి. చైనా గ్రామాల్లో 1990ల చివర స్త్రీల రేటే ఎక్కువ. అందుకే రెండు లింగాలనూ కలిపిన గీత నాకు పనికిరాదు.

వయసు, కాలం, తరం

మీ ప్రశ్నలో ‘యువత’ అన్న మాట ఉంది. 2004లో ఇరవై ఏళ్ల యువకుడు 2024లో నలభై ఏళ్లవాడు. మీ పట్టికలో ‘20–24’ అన్న వరుస ఇరవై ఏళ్ల పొడవునా ఒకే మనుషులది కాదు. బస్సు అదే, ఎక్కి దిగే ప్రయాణికులు వేరు.

అమెరికాలో 45–64 ఏళ్ల వారి రేట్లు 1999 నుంచి 2014 వరకు బాగా పెరిగాయి. స్త్రీలలో 6.0 నుంచి 9.8కి, పురుషులలో 20.8 నుంచి 29.7కి. లెక్క వేసి చూడండి. 1999లో ఆ వయసులో ఉన్నవారు సుమారు 1935–54 మధ్య పుట్టినవారు. 2014లో ఉన్నవారు 1950–69 మధ్య పుట్టినవారు. పెరుగుదల నడివయసు తెచ్చిన కష్టాలదా, ఆ పదిహేనేళ్ల పరిస్థితులదా, ఆ తరం తన వెంట తెచ్చుకున్నదా? మొదటిది వయసు ప్రభావం, రెండోది కాల ప్రభావం, మూడోది తరం ప్రభావం.

విడదీయడానికి నాకు బాగా నచ్చిన పద్ధతి మోడల్ కాదు, కాగితం. అడ్డంగా వయసు, నిలువుగా రేటు తీసుకోండి. ఒక్కో తరానికి, అంటే పదేళ్ల వ్యవధిలో పుట్టినవారికి, ఒక్కో గీత వేయండి. తరువాతి తరం గీత ముందు తరం గీతకు ప్రతి వయసులోనూ పైన ఉంటే తరం మీద అనుమానం కలుగుతుంది. అన్ని గీతలూ ఒకే క్యాలెండర్ ఏడాది దగ్గర ఎగిరితే కాలం మీద. జపాన్‌లో 1997లో 24,391గా ఉన్న పోలీసు లెక్క 1998లో ఒక్కసారిగా 32,863కి ఎగిరింది. ఒక్క ఏడాదిలో అలా జరగడం ఏ తరానికీ చేతకాదు, అది కాలం ముద్ర.

మోడల్ మీద మోజు ఉన్నవారికి ఒక చేదు నిజం. ఏడాదిలోంచి వయసు తీసేస్తే పుట్టిన ఏడాది వస్తుంది. మూడింటిలో రెండు తెలిస్తే మూడోది తెలిసినట్టే. అందువల్ల మూడింటి సరళరేఖా ధోరణులను విడదీయడం ఏ సాఫ్ట్‌వేర్‌కూ సాధ్యం కాదు. వంపులను, అంటే ధోరణి ఎక్కడ వేగం మార్చుకుందో దాన్ని మాత్రం పట్టుకోవచ్చు. విడదీశామని ఏదైనా ప్యాకేజీ చెబితే, అది లోపల ఏదో ఒక షరతు పెట్టుకుందని అర్థం. ఆ షరతు ఏమిటో మీకు తెలియాలి, నివేదికలో రాయాలి.

మామూలు ధోరణికి జనాభా లాగరిథంను ఆఫ్‌సెట్‌గా (అంటే హారంగా) పెట్టిన పాయిసాన్ రిగ్రెషన్ (ఘటనల సంఖ్యలకు వాడే మోడల్) చాలు. ఊగిసలాట అంతకంటే ఎక్కువగా ఉంటే, సాధారణంగా ఉంటుంది, నెగెటివ్ బైనోమియల్ వాడండి. మలుపులు వెతకడానికి జాయిన్‌పాయింట్ రిగ్రెషన్ ఉంది. అది మలుపును తప్పకుండా చూపిస్తుంది, ఆ మలుపు సుప్రీంకోర్టు తీర్పుదో సంక్షోభానిదో చెప్పదు. ఎక్సెల్ సరళరేఖ మీద కోపం లేదు గానీ ఇరవై బిందువుల్లో రెండు మలుపులు ఉన్న చోట అది సగటు అబద్ధం చెబుతుంది.

కారణం చెప్పదలిస్తే

మీ గ్రాఫు కాలంలోనే స్మార్ట్‌ఫోన్లూ పెరిగాయి, నిరుద్యోగమూ పెరిగింది, ఆత్మహత్యలూ పెరిగాయి అనుకుందాం. కలిసి పెరిగినవన్నీ చుట్టాలు కావు. ఒక ప్రాంతంలో నిరుద్యోగం ఎక్కువ, ఆత్మహత్యలూ ఎక్కువ అన్నంత మాత్రాన చనిపోయినవారు నిరుద్యోగులని కాదు. ప్రాంతాల సగటులోంచి వ్యక్తి గురించి తీర్మానం లాగకూడదు.

అయితే ధోరణి డేటా నుంచి కారణం గట్టిగా తేలిన సందర్భాలూ ఉన్నాయి, అవి నేర్పించేది చాలా ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 1963లో 5,714గా ఉన్న మరణాలు 1975కి 3,693కి పడిపోయాయి. ఆ ఏళ్లలో ఐరోపాలోని చాలా దేశాల్లో పెరుగుతూ ఉండగా ఇది జరిగింది. ఇళ్లకు సరఫరా చేసే గ్యాసులోని విష గుణాన్ని దశలవారీగా తొలగించిన కాలం అది. శ్రీలంకలో 1995 ప్రాంతంలో లక్షకు 47 ఉన్న రేటు 2005 నాటికి సగానికి దిగింది. అత్యంత విషపూరితమైన పురుగుమందులను 1995లోనూ 1998లోనూ నిషేధించారు. 1996–2005 దశాబ్దంలో అంతకు ముందు దశాబ్దం కంటే సుమారు 19,800 మరణాలు తక్కువ.

ఇక్కడ తీర్మానం ఎందుకు నిలిచింది? మార్పుకు ఒక తేదీ ఉంది. ఆ మార్పు తాకవలసిన రకం మరణాలే తగ్గాయి, మిగతావి ఆ మేరకు పెరగలేదు. శ్రీలంకలో నిరుద్యోగం, మద్యం, విడాకులు, అంతర్యుద్ధం వంటి ఇతర వివరణలను పక్కన పెట్టి చూశారు, తగ్గిన కాలంతో అవి కుదరలేదు. స్మార్ట్‌ఫోన్లే కారణమన్న వాదన ఈ పరీక్షలకు నిలబడుతుందేమో చూడండి. నిలబడితే సంతోషమే, రాయండి.

ఈ ఉదాహరణలు నాకు ఇష్టం కావడానికి ఇంకో కారణం ఉంది. ఈ పట్టికలతో ఏళ్ల తరబడి కూర్చుంటే అంతా తలరాత అనే నిస్పృహ మనిషిని ఆవరిస్తుంది. ఆ రెండు గీతలు అది అబద్ధమని చూపిస్తాయి. ఈ పని మీ మీద బరువు వేస్తున్నట్టనిపిస్తే ఆపి ఎవరితోనైనా మాట్లాడండి. మా బృందంలో వరుసగా రెండు వారాలకు మించి ఒకరి చేత వ్యక్తిగత కేసుల వివరాలు చదివించం.

రాసేటప్పుడు

‘ఆత్మహత్యకు పాల్పడ్డారు’ అని రాయడం మన పత్రికల అలవాటు. దోపిడీకి పాల్పడ్డారు, అవినీతికి పాల్పడ్డారు అనే వరుసలో పెట్టే క్రియ అది. ‘ఆత్మహత్య వల్ల మరణించారు’ అంటే సరిపోతుంది. ‘విఫలయత్నం’ అన్న మాటా వద్దు, బతికి బయటపడటం వైఫల్యం కాదు. పద్ధతుల వివరాలు, స్థలాల పేర్లు మీ గ్రాఫుకు అవసరం లేకపోతే నివేదికలోకి రానివ్వకండి. వయసు, లింగం, ప్రాంతం మూడూ కలిపి విడగొట్టినప్పుడు ఒకటో రెండో మిగిలిన గడి ఒక గుర్తించదగిన మనిషి. ఆ గడి మూసేయండి.

ఇక 2020. ఎందుకు తీసేయవద్దన్నానంటే, మొత్తం సంఖ్య చూసినవారికి కనిపించనిది ఆ ఏడాది విడగొట్టినవారికి కనిపించింది. జపాన్‌లో 2019లో 20,169 మరణాలు, 2020లో 21,081. పదేళ్లుగా తగ్గుతున్న గీత పైకి తిరిగింది. లింగం వారీగా చూస్తే పురుషుల సంఖ్య 23 తగ్గి 14,055 అయింది, స్త్రీల సంఖ్య 935 పెరిగి 7,026 అయింది. పెరుగుదల మొత్తం స్త్రీలదే. అదే ఏడాది అమెరికాలో మొత్తం మరణాలు 47,511 నుంచి 45,979కి తగ్గాయి, మరుసటి ఏడాదే మళ్లీ పెరిగాయి. 2020ని ‘అసాధారణం’ అని తీసి పక్కన పెడితే జపాన్ స్త్రీల సంగతి మరుగునే ఉండిపోయేది. ఉంచండి, మోడల్‌లో దానికి ప్రత్యేక సూచిక చలరాశి (ఆ ఏడాదికి 1, మిగతా ఏళ్లకు 0) పెట్టి, దానితో ఒకసారి, అది లేకుండా ఒకసారి ధోరణి లెక్కించి రెండు ఫలితాలూ పక్కపక్కన చూపించండి.

వయోవర్గాల జనాభా మీ దగ్గర లేకపోతే ముందు అది సంపాదించండి. ఆ రేట్ల పట్టికతో, లెక్కింపు మార్పుల తేదీల కాగితంతో మళ్లీ అడిగితే 40 శాతం మాట అప్పుడు తేలుద్దాం.